సీఆర్‌పీ పెరిగిందని భయపడే ముందు నడుముకి టేపు పెట్టండి

మా మామూది జువ్వలదిన్నె. నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. చేపల వ్యాపారం కాబట్టి ఫజర్‌కి ముందే లేచి రేవుకి పోతాడు, పొద్దెక్కాక ఇంటికొస్తాడు. వయసు యాభై రెండు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు "అబ్బా, ఒక్కసారి ఫుల్ బాడీ చెకప్ చేయించుకో" అని నెలరోజులు పోరు పెడితే, కావలి వెళ్లి రక్తం ఇచ్చొచ్చాడు. సాయంత్రానికి రిపోర్టు ఫోన్‌లోకి వచ్చింది. పదకొండు పేజీలు. ఏడో పేజీలో సీఆర్‌పీ 4.6 అని, పక్కనే ఎర్ర అక్షరాల్లో 'హై' అని ఉంది.

రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోన్. "ఏం బేటా, మళ్లీ కరోనానా?"

ఆయన భయం నాకు అర్థమైంది. 2021 సెకండ్ వేవ్‌లో మన ఇళ్లన్నిటికీ సీఆర్‌పీ, ఫెరిటిన్, డి-డైమర్ అనే పేర్లు ఒక్కసారిగా తెలిసొచ్చాయి. ఎవరింట్లో ఎవరికి సీఆర్‌పీ ఎంత వచ్చిందో వాట్సాప్‌లో చెప్పుకుని, బెడ్ కోసం పరుగులు తీసిన రోజులవి. అందుకే ఆ మూడక్షరాలు చూస్తే ఇప్పటికీ గుండె జారిపోతుంది. మామూ నాకు ఫోన్ చేసేలోపే మెడికల్ షాపులో అడిగి ఐదు రోజుల యాంటీబయాటిక్ కూడా తెచ్చేసుకున్నాడు. జ్వరం లేదు, దగ్గు లేదు. దేనికి వేసుకుంటున్నాడో ఆయనకీ తెలియదు, ఇచ్చినవాడికీ తెలియదు.

అదే రిపోర్టు నాలుగో పేజీలో ట్రైగ్లిజరైడ్లు 212, మంచి కొలెస్ట్రాల్ అంటే హెచ్‌డీఎల్ 36. రెండో పేజీలో పరగడుపు షుగర్ 108. వాటిని ఎవరూ చూడలేదు. "అవి కొంచెం కొంచెమే కదా బేటా" అన్నాడు.

అసలు కథంతా ఆ కొంచెం కొంచెంలోనే ఉంది.

సీఆర్‌పీ అంటే ఏమిటి

సీఆర్‌పీ అంటే సి-రియాక్టివ్ ప్రోటీన్. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు డాక్టర్లు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని కనుగొన్నారు. న్యుమోనియా క్రిమి ఒంటిమీద 'సి' అని పేరుపెట్టిన ఒక పదార్థానికి ఇది అతుక్కుంటుంది, అందుకే ఆ పేరు. తయారయ్యేది కాలేయంలో. ఒంట్లో ఎక్కడైనా గాయమైనా, క్రిమి చేరినా అక్కడి కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే కబురు పంపుతాయి. కాలేయం ఆ కబురు అందుకుని సీఆర్‌పీని రక్తంలోకి వదులుతుంది. కబురు ఆగితే సీఆర్‌పీ కూడా తగ్గుతుంది, దాదాపు పందొమ్మిది గంటలకొకసారి సగమవుతూ పోతుంది.

అంటే ఇది జబ్బు కాదు, పొగ. పొగ కనిపించిందంటే ఎక్కడో మంట ఉన్నట్టు. అయితే ఆ మంట పొయ్యిలోదా, ఇల్లు తగలబడుతోందా అనేది పొగను చూసి చెప్పలేం.

గట్టి ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు లీటరుకి వంద మిల్లీగ్రాములు కూడా దాటిపోతుంది. కరోనా రోజుల్లో మనం విన్నవి అలాంటి అంకెలు. మామూకి వచ్చిన 4.6 ఆ కోవలోది కాదు. ఇది నివురు గప్పిన నిప్పు. పైకి బూడిదే కనిపిస్తుంది. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, మనిషి తన పని తాను చేసుకుంటూనే ఉంటాడు. లోపల మాత్రం సన్నగా, ఏళ్ల తరబడి కాలుతూనే ఉంటుంది.

పొట్టలో రాజుకునే నిప్పు

కొవ్వు అంటే సంచిలో పోసిపెట్టిన నూనె లాంటిదని, దానంతట అది ఏ పనీ చేయదని డాక్టర్లు కూడా చాలాకాలం అనుకున్నారు. 1993లో హార్వర్డ్‌లో హోటమిస్లిగిల్, స్పీగెల్‌మన్ బృందం లావెక్కిన ఎలుకల కొవ్వును పరీక్షిస్తే, అది టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే వాపు పుట్టించే పదార్థాన్ని తయారుచేస్తోందని తేలింది. దాన్ని అడ్డుకుంటే ఆ ఎలుకల్లో ఇన్సులిన్ మళ్లీ బాగా పనిచేసింది. పదేళ్ల తర్వాత ఇంకో సంగతి బయటపడింది. కొవ్వు కణాలు ఉబ్బిపోయిన చోటికి రక్తంలోంచి మాక్రోఫేజ్‌లు అనే రక్షక కణాలు గుంపులుగా వచ్చి చేరుతున్నాయి. మామూలుగా క్రిములను మింగాల్సిన సిపాయిలవి. ఇక్కడ క్రిమి లేదు, కానీ సిపాయిలు దిగారు. దిగాక ఊరికే కూర్చోరు కదా, వాపు కబుర్లు పంపుతూనే ఉంటారు.

ఆ కబుర్లు కాలేయానికి చేరితే సీఆర్‌పీ పెరుగుతుంది. కండకు, కాలేయానికి చేరితే ఇన్సులిన్ మాట వాటికి సరిగా వినపడదు. ఇన్సులిన్ తలుపు తడుతుంది, లోపలి వాళ్లు తీయరు. అప్పుడు క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. షుగర్ ఇంకా హద్దు దాటదు కానీ ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, హెచ్‌డీఎల్ తగ్గుతుంది, బీపీ ఎక్కుతుంది. ఇవన్నీ విడివిడి జబ్బులు కావని, ఒకే వేరు నుంచి వచ్చిన కొమ్మలని 1988లో అమెరికా డాక్టర్ జెరాల్డ్ రీవెన్ గట్టిగా చెప్పాడు. ఆయన పెట్టిన పేరు సిండ్రోమ్ ఎక్స్. ఇప్పుడు దాన్నే మెటబాలిక్ సిండ్రోమ్ అంటున్నారు.

దీన్ని గుర్తుపట్టడానికి 2009లో ప్రపంచంలోని పెద్ద వైద్య సంఘాలు కలిసి ఒక లెక్క ఒప్పుకున్నాయి. చూడాల్సినవి ఐదు. నడుము చుట్టుకొలత మన దేశపు మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, లేదా ఆపైన ఉండటం. ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఆపైన. హెచ్‌డీఎల్ మగవాళ్లకి 40 కంటే, ఆడవాళ్లకి 50 కంటే తక్కువ. బీపీలో పై అంకె 130 గానీ కింది అంకె 85 గానీ, లేదా ఆపైన. పరగడుపు షుగర్ 100 లేదా ఆపైన. బీపీకో షుగర్‌కో మందు వాడుతుంటే అది కూడా ఉన్నట్టే లెక్క. ఐదింట్లో ఏ మూడున్నా మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు.

గమనించారా, ఈ ఐదింట్లో సీఆర్‌పీ లేదు.

మామూని అడిగాను, ఇంట్లో టైలర్ టేపు ఉందా అని. ముమానీ మిషను కుడుతుంది, టేపు లేకపోవడమేం. "ప్యాంటు సైజు 34 బేటా, నడుము బానే ఉంది" అన్నాడు. ప్యాంటు, లుంగీ కట్టేది పొట్ట కింద. అక్కడ కొలిస్తే అందరం సన్నగానే ఉంటాం. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో, ఊపిరి వదిలాక, పొట్ట బిగపట్టకుండా కొలవాలి. అలా కొలిస్తే 97 వచ్చింది. బీపీ మాత్ర రెండేళ్లుగా వాడుతున్నాడు. ఐదుకి ఐదూ ఉన్నాయి. అంతా కలిపి చూస్తే, 4.6 అనే ఎర్ర అంకె చెప్పిన కొత్త విషయం ఏమీ లేదు. మూడు పేజీల కిందటే రిపోర్టు ఆ మాట చెప్పేసింది.

"నేను లావు లేను కదా"

ఇది మన దగ్గర ఎక్కువగా వినిపించే మాట. మామూ కూడా లావేమీ కాదు. చేతులు, కాళ్లు సన్నగా ఉంటాయి, పొట్ట మాత్రం ముందుకొస్తుంది. ఈ ఒడ్డూ పొడుగూ మన దేశంలో ఎంత మామూలంటే, దానిమీద ఒక ప్రసిద్ధమైన ఫొటోనే ఉంది. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం లండన్ ఆయనకి 9.1 శాతం, పుణె ఆయనకి 21.2 శాతం. తూకం యంత్రం ముందు ఇద్దరూ సమానమే, తేడా లోపలే ఉంది.

ఇలా ఎందుకు జరుగుతుందో కొంత మన తెలుగు నేలమీదే తెలిసింది. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో 1987 నుంచి 1990 వరకు కొన్ని ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనంగా పోషకాహారం ఇచ్చారు, మిగతా ఊళ్లలో ఇవ్వలేదు. ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్లు వచ్చాక జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, బ్రిటన్ పరిశోధకులు కలిసి మళ్లీ పరీక్షించారు. అదనపు తిండి అందిన ఊళ్ల పిల్లల్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు కూడా కొంత మెత్తగా ఉన్నాయి. కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో తిండి సరిపోని శరీరానికి పెద్దయ్యాక తిండి పెరిగితే తట్టుకోవడం కష్టమవుతుంది. మన నాన్నల తరం, అమ్మమ్మల తరం ఎలా పెరిగారో మనకి తెలుసు కదా.

మనకి దగ్గర్లోని చెన్నైలో డాక్టర్ మోహన్ బృందం 'క్యూర్స్' పేరుతో 26,001 మందిని సర్వే చేసింది. అందులో భాగంగా కొందరిలో సీఆర్‌పీ కూడా చూశారు. షుగర్ ఉన్నవాళ్లలో, గుండె నాళాల జబ్బు ఉన్నవాళ్లలో, ఒంట్లో కొవ్వు శాతం ఎక్కువున్నవాళ్లలో అది ఎక్కువగా కనిపించింది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి షుగర్ ఉంది, 15.3 శాతం మంది షుగర్ అంచున ఉన్నారు, పొట్ట ఊబకాయం 39.5 శాతం మందికి ఉంది. మామూ షుగర్ 108 అంటే ఆ అంచున ఉన్నట్టే.

రిపోర్టు చదివేటప్పుడు

ముందు యూనిట్ చూడండి. కొన్ని ల్యాబులు లీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకి ఇస్తాయి. రెండింటికీ పది రెట్లు తేడా. డెసిలీటరుకి 0.46 అన్నా, లీటరుకి 4.6 అన్నా ఒకటే. ఇది చూసుకోక 'పోయిన నెల అర, ఈ నెల ఐదు' అని హడలిపోయిన వాళ్లున్నారు.

తర్వాత, చేసింది మామూలు సీఆర్‌పీనా, హెచ్‌ఎస్-సీఆర్‌పీనా అన్నది. ఇన్‌ఫెక్షన్ చూడటానికి మామూలుది చాలు. గుండె ప్రమాదం అంచనాకి చిన్న అంకెల్ని కూడా కచ్చితంగా కొలిచే హెచ్‌ఎస్ రకం కావాలి. లీటరుకి 1 కంటే తక్కువైతే ప్రమాదం తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ అని 2003లో అమెరికా గుండె వైద్య సంఘం చెప్పింది. 10 దాటితే దాన్ని గుండె లెక్కలో వేయకూడదు. ఎక్కడో ఇన్‌ఫెక్షనో వాపో ఉంది, అది చూసుకున్నాక మళ్లీ చేయించాలి. అసలు ఒక్క పరీక్షతో ఏదీ తేల్చకూడదు. ఒంట్లో బాగున్నప్పుడు, కనీసం రెండు వారాల తేడాతో రెండుసార్లు చేయించి సగటు చూడాలి.

ఎందుకంటే దీన్ని పెంచేవి చాలా ఉన్నాయి. జలుబు, చిగుళ్ల జబ్బు, సిగరెట్, కీళ్లవాతం, గర్భం, కొన్ని గర్భనిరోధక మాత్రలు. రేవులో పనిచేసే వాళ్లకి వల తాడు కోసుకున్న చెయ్యి, చేప ముల్లు దిగి చీము పట్టిన వేలు కూడా. మామూకి కింది దవడలో ఒక పన్ను ఏడాదిగా కదులుతోంది, చిగురు వాచి ఉంది. 4.6లో దాని వాటా ఎంతో ఎవరు చెప్పగలరు?

ఈఎస్‌ఆర్ కూడా ఇలాంటిదే, ఇంకా పాతది, ఇంకా మొరటుది. రక్తహీనత ఉన్నా, వయసు పెరిగినా అది ఎక్కువే వస్తుంది. ఫెరిటిన్ విషయంలో మాత్రం ఆడవాళ్లు కాస్త జాగ్రత్తగా ఉండాలి. అది ఒంట్లో ఇనుము నిల్వని చెప్పే అంకె. కానీ వాపు ఉన్నప్పుడు అది కూడా పెరుగుతుంది. నిజంగా ఇనుము తక్కువున్న మనిషికి కూడా 'నార్మల్' అని చూపించి మోసం చేయగలదు.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. కొడుకు డబ్బు పంపింది అబ్బాకి. ముమానీకి పరీక్ష చేయించాలని ఎవరికీ తోచలేదు. ఆ టేపు ఆమె నడుముకి పెడితే 88. నేను పట్టుబట్టాక ఆమె కూడా రక్తం ఇచ్చింది. హెచ్‌డీఎల్ 41. రిపోర్టులో ఎర్ర అక్షరం లేదు, ఎందుకంటే ఆ ల్యాబు మగా ఆడా తేడా లేకుండా 40 దాటితే బాగున్నట్టే వేస్తోంది. ఆడవాళ్లకి 50 కంటే తక్కువైతే తక్కువే. ట్రైగ్లిజరైడ్లు 158. మూడూ కలిశాయి. ఇంట్లో ఇద్దరికీ అదే సిండ్రోమ్, ఫోన్ వచ్చింది మాత్రం ఒకరి గురించే.

వాపు తగ్గించే మాత్ర ఉందా?

మామూ అడిగిన రెండో ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు వెతకడానికి పెద్ద పరిశోధనలు జరిగాయి. వాటిలో ఒకదానికి మన భీమవరంతో చుట్టరికం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ల్యాబులో నడిపిన బృందం నుంచి వచ్చిన మందు మెథోట్రెక్సేట్. క్యాన్సర్‌కీ, కీళ్లవాతానికీ ఇప్పటికీ వాడతారు. గుండె నాళాల జబ్బుతో పాటు షుగర్ గానీ మెటబాలిక్ సిండ్రోమ్ గానీ ఉన్న 4,786 మందిని తీసుకుని, కొందరికి తక్కువ మోతాదులో ఈ మందు, మిగతావాళ్లకి ఉత్త మాత్ర ఇచ్చి చూశారు. 2018లో ఫలితం వచ్చింది. సీఆర్‌పీ తగ్గలేదు, గుండెపోట్లూ తగ్గలేదు.

దానికి ఏడాది ముందు కానకినుమాబ్ అనే ఇంజెక్షన్‌తో పదివేల మందికి పైగా గుండె రోగుల మీద ఇంకో పరిశోధన పూర్తయింది. అక్కడ సీఆర్‌పీ తగ్గింది, గుండెపోట్లు కూడా కొంత తగ్గాయి. కానీ ప్రాణాలు తీసే ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. కొత్తగా షుగర్ రావడం మాత్రం ఆగలేదు. కాబట్టి వాపుకీ గుండెకీ సంబంధం నిజమే. వాపును మందుతో అణిస్తే మొత్తం సిండ్రోమ్ పోతుందన్నది మాత్రం నిజం కాదు. స్టాటిన్ వాడాలా వద్దా అని డాక్టరు ఊగిసలాడే సందర్భంలో హెచ్‌ఎస్-సీఆర్‌పీ పనికొస్తుంది. అది డాక్టరు తేల్చాలి. నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు మెడికల్ షాపులో కొని వేసుకుని 'వాపు తగ్గించుకోవడం' మాత్రం చేయొద్దు. కిడ్నీ మీద, షుగర్ మీద దెబ్బ పడుతుంది.

ఇంకో రెండు పరిశోధనలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ముచ్చటేస్తుంది. 2004లో అమెరికాలో పదిహేను మంది ఊబకాయం ఉన్న ఆడవాళ్లకి పొట్ట చర్మం కింది కొవ్వు కిలోల కొద్దీ మిషనుతో లాగేశారు. పది, పన్నెండు వారాల తర్వాత చూస్తే సీఆర్‌పీ మారలేదు, ఇన్సులిన్ పనితీరూ మారలేదు. దానికి ముందు ఏడాది ఇటలీలోని నేపుల్స్‌లో 120 మంది ఊబకాయం ఉన్న ఆడవాళ్ల మీద చేసిన పరిశోధన వచ్చింది. సగం మందికి రెండేళ్లపాటు తిండి మార్పించి, నడిపించి, బరువు తగ్గేలా చూశారు. వాళ్లలో సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6 రెండూ తగ్గాయి, ఇన్సులిన్ బాగా పనిచేసింది. కొవ్వు కోసి పారేస్తే రాని ఫలితం, శరీరం తనంతట తాను ఖర్చు పెట్టుకుంటే వచ్చింది. అలా ఖర్చయ్యేటప్పుడు కాలేయంలో, పేగుల చుట్టూ ఉన్న కొవ్వు కూడా కరుగుతుంది. మిషను అక్కడిదాకా పోలేదు.

మన వంటింట్లో

జువ్వలదిన్నె వాళ్లకి చేపలు తినండి అని చెప్పడం నవ్వులాటే. కానీ ఏ చేప, ఎలా అన్నది చెప్పాలి. కవళ్లలాంటి చవక చేపల్లోనే ఒమేగా-3 కొవ్వు దండిగా ఉంటుంది. ఖరీదైన వంజరమే మంచిదనుకోనక్కర్లేదు. పులుసు పెట్టుకుంటే మంచిది. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో వేపితే ఆ మంచి కొంత పోతుంది. ఎండు చేపల్లో ఉప్పు మరీ ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లు వాటిని వారానికోసారి రుచికి పెట్టుకుంటే చాలు. అసలు మామూ చిక్కు చేపల్లో లేదు, అన్నంలో ఉంది. రేవు నుంచి వచ్చి పదింటికి ఒక పెద్ద పళ్లెం, మధ్యాహ్నం ఇంకోటి, మధ్యలో చక్కెర వేసిన టీలు ఐదారు. ట్రైగ్లిజరైడ్లు పెరగడానికి అన్నం, చక్కెర కూడా చాలు. ఇది చాలామందికి తెలియదు.

దావత్‌లు మానమని ఎవరూ చెప్పలేరు, చెప్పినా వినరు. వలీమాలో బిర్యానీ ఒకసారి పెట్టించుకుని, మీఠా రెండు చెంచాలతో ఆపడం వల్ల ఎవరి మర్యాదా పోదు.

రంజాన్ గురించి తరచుగా అడుగుతారు. జోర్డాన్‌లో 50 మంది ఆరోగ్యవంతుల మీద చేసి 2012లో అచ్చేసిన పరిశోధనలో రోజాల సమయంలో ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్-ఆల్ఫా తగ్గాయని తేలింది. సంతోషమే. అయితే ఇఫ్తార్‌కి సమోసా, మిర్చి బజ్జీ, షర్బత్, తర్వాత హలీమ్, సహరికి పరాటా అయితే నెల తిరిగేసరికి నడుము తగ్గదు, పెరుగుతుంది. షుగర్ మందు వాడేవాళ్లు రోజాలకి ముందే డాక్టర్ని కలిసి మాత్రల వేళలు మార్పించుకోవాలి. ఇక చెకప్ చేయించుకోవాలనుకుంటే, రంజాన్‌లో నిద్ర, తిండి వేళలు మారిపోతాయి కాబట్టి ఈద్ హడావిడి తగ్గి నాలుగైదు వారాలయ్యాక చేయించుకుంటే అంకెలు మీ మామూలు రోజుల్ని చూపిస్తాయి.

మామూ యాంటీబయాటిక్ రెండు రోజులే మింగాడు, డాక్టరు ఆపించారు. ఆ పన్ను తీయించుకున్నాడు. మూడు వారాల తర్వాత సీఆర్‌పీ 3.4. తర్వాత ఐదు నెలలు పదింటి పళ్లెం సగానికి తగ్గించి, టీలో చక్కెర మాని, అసర్ తర్వాత ముమానీతో కలిసి సముద్రం ఒడ్డున ముప్పావు గంట నడిచాడు. మొదట్లో ఊళ్లో వాళ్లు ఆగి ఆగి చూసేవాళ్లట. ఇప్పుడు ఆయన నడుము 92, ట్రైగ్లిజరైడ్లు 164, పరగడుపు షుగర్ 99. ముమానీ నడుము 84. హెచ్‌డీఎల్ ఇద్దరికీ పెద్దగా కదల్లేదు, దానికి ఇంకా టైం పడుతుందన్నారు డాక్టరు. సీఆర్‌పీ మళ్లీ చేయించమంటారా అని మామూ అడిగితే, "దేనికి? టేపు ఉందిగా" అన్నారట. కొడుక్కి మాత్రం నమ్మకం కుదరలేదు, పది రోజులకొకసారి వీడియో కాల్‌లో టేపు చూపించమంటున్నాడు.